అద్దాలి, రుద్దకూడదు

మా వాళ్ళు నన్ను తలుచుకునేది రెండే సందర్భాల్లో. మరక పడినప్పుడు, పడిన మరక పోనప్పుడు. ఇరవై రెండేళ్ళుగా ఒక డ్రైక్లీనింగ్ షాపులో మరకల గదిలో పనిచేస్తున్నాను. ముందు హాల్లో ఏసీ ఉంటుంది, పూలకుండీ ఉంటుంది, నవ్వుతూ రసీదు రాసే అమ్మాయి ఉంటుంది. వెనక కిటికీ లేని గదిలో నేనూ నా సీసాలూ ఉంటాం. ఎవరి కోటు మీద ఏం ఒలికిందో, కంగారులో దాన్ని ఏం పెట్టి రుద్దారో మరక చూడగానే చెప్పేస్తాను. ఒలికించినవాళ్ళు పాడుచేసేది తక్కువ, రుద్దినవాళ్ళు పాడుచేసేదే ఎక్కువ. పనిలో చేరిన మొదటిరోజే నాకు పని నేర్పిన పెద్దాయన చెప్పాడు, అద్దాలి, రుద్దకూడదు అని. రుద్దిన మరక లోపలికి దిగుతుంది. పోయినట్టే పోయి, ఆరేకొద్దీ అడుగునుంచి మళ్ళీ పైకొస్తుంది.

మా అక్క పోయిన రెండు నెలలకి బావ ఫోన్ చేశాడు. ఎదురుపడితే ఆయన్ని మీరు అంటాను, గౌరవంగానే మాట్లాడతాను. ఇక్కడ ఆ మొహమాటం అక్కర్లేదు.

ముందుగదిలో కార్పెట్ మీద కూర మరక పోవట్లేదట. ఇద్దరు క్లీనింగ్ వాళ్ళు వచ్చి వెళ్ళారట. సాయంత్రానికి పోతుంది, తెల్లారేసరికి మళ్ళీ వస్తుంది. "మొదట పచ్చగా ఉండేదమ్మా, తర్వాత ఎర్రగా తయారైంది. దాన్ని చూస్తుంటే నాకు నిద్ర పట్టట్లేదు. నీ హస్తవాసి మంచిదని మీ అక్క అంటుండేది, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు. నిద్ర పట్టనిది అక్క కోసమేమో అనుకున్నాను. పాపం అని కూడా అనుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆయనది కళ్ళద్దాల షాపు. చెడ్డవాడని ఎవరూ అనలేరు. తాగడు, అరవడు, చెయ్యెత్తడు. ఇల్లు మాత్రం ఆయన షాపులో షోకేసులా ఉండాలి. పదకొండేళ్ళ కిందట ముందుగది అంతటా గోధుమరంగు కార్పెట్ పరిపించాడు. అప్పటినుంచి మా అక్క సొంత ఇంట్లో చుట్టపుచూపుగా వచ్చినదానిలా నడిచేది. టీ కప్పు వంటగది గుమ్మం దాటకూడదు. ఎండకి రంగు వెలుస్తుందని కిటికీ పరదాలు తియ్యకూడదు. ఎక్కడైనా చుక్క పడితే ఆయన తిట్టేవాడు కాదు. దాని పక్కనే నిలబడి, కళ్ళద్దాలు సవరించుకుని, చూస్తూ ఉండేవాడు. ఐదు నిమిషాలు, పది నిమిషాలు. తర్వాత "ఇది పోవాలి" అని లోపలికి వెళ్ళిపోయేవాడు. అది పోయేదాకా ఆవిడతో మాట ఉండదు. ఒకసారి పదకొండు రోజులు మాట్లాడలేదు.

అందుకని అక్క నాకు ఫోన్ చేసేది. జ్వరమొస్తే చేసేది కాదు, మరక పడితే చేసేది. "చిట్టీ, బిజీగా ఉన్నావా?" అందంటే ఏదో ఒలికిందని అర్థం. సవతి లేదనుకున్నాం, కార్పెట్ రూపంలో చుట్టచుట్టుకుని నీ ఇంటికే వచ్చిందే అని ఏడిపించేదాన్ని. నవ్వేది. నవ్వుతూనే, మీ బావ వచ్చేలోపు పోవాలే, అనేది.

పోయిన రోజు కూడా చేసింది. మధ్యాహ్నం రెండూ ఇరవై. నా చేతిలో ఎవరిదో తెల్లకోటు, దాని జేబు నిండా సిరా. సాయంత్రానికి అది కావాలని కౌంటరు అమ్మాయి మూడుసార్లు వచ్చి వెళ్ళింది. "కార్పెట్ మీద కూర పడిందే. పసుపు అంటింది" అంది అక్క. మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటోంది. నేల మీద వంగి మాట్లాడుతోంది కాబోలనుకున్నాను. పసుపు మరక ఫోన్లో చెప్పి తీయించేది కాదు. ముందు వెనిగర్ అద్దాలి, తర్వాత సబ్బునీళ్ళు, చివరికి వీలైతే ఎండ. సోడా దగ్గరికి రానివ్వకూడదు. పసుపు మీద సోడాగానీ సబ్బుగానీ నేరుగా పడితే రక్తంలా ఎర్రబడుతుంది. ఇదంతా చెప్పడానికి ఐదు నిమిషాలు కావాలి. నాకు ఐదు నిమిషాల ఓపిక లేకపోయింది.

"వంటసోడా చల్లి గట్టిగా రుద్దవే, పోతుంది" అన్నాను.

తప్పని తెలిసే అన్నాను. ఎర్రబడితే మళ్ళీ తనే చేస్తుంది, అప్పుడు చూద్దాం అనుకున్నాను. ఇంకేమైనా ఉందా అని అడిగాను. "ఏం లేదులే, పెట్టెయ్" అంది. పెట్టేశాను.

మా షాపు నుంచి అక్కవాళ్ళింటికి నడిచి వెళితే పది నిమిషాలు.

ఆ రాత్రి బావ అందరికీ ఒకటే చెప్పాడు. పొద్దున తొమ్మిదింటికి షాపుకి వెళ్ళాను, ఏడింటికి వచ్చి తలుపు తీస్తే ఇలా ఉంది, ప్లేటు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది, క్షణం కూడా బాధపడలేదు, అని. బంధువులంతా ఆ మాట పట్టుకుని ఊరడిల్లారు. నాకు మాత్రం ఆ మాట కంట్లో నలుసైంది. ప్లేటు చేతిలో ఉండగానే పోయిన మనిషి, ఆ ప్లేటులోని కూర ఒలికిందని నాకెలా ఫోన్ చేసింది?

ఒకటే దారి ఉంది. రెండుసార్లు ఒలికి ఉండాలి. మొదటిది నాకు ఫోన్ చేసి చెప్పినది, మామూలుగా. రెండోది తర్వాతెప్పుడో, పడిపోయినప్పుడు. అలాగైతే నా తప్పేమీ లేదు. ఒక్క మరకే ఉంటే మాత్రం, మా అక్క నేల మీద పడి నాతో మాట్లాడింది, నేను విసుక్కుని ఫోన్ పెట్టేశాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే నేనేమన్నానో కూడా చెప్పాలి. రెండు నెలలుగా అన్నం ముందు కూర్చుంటే అదే, కోటు మీద వంగితే అదే. ఒక మరకా, రెండా? బావ పిలవగానే సంచీ సర్దుకుని బయల్దేరింది కార్పెట్ బాగుచెయ్యడానికి కాదు. లెక్క చూసుకోవడానికి.

ఆదివారం మధ్యాహ్నం మూడింటికి వెళ్ళాను. బావ తలుపు తీసి, నా కాళ్ళకేసి చూశాడు. చెప్పులు బయటే విప్పానని చూపించాను. మనిషి చిక్కాడు, కళ్ళ కింద నల్లగా ఉంది. చొక్కా మాత్రం ఇస్త్రీ నలగలేదు. పని చూసుకో, నేను లోపల పడుకుంటాను అని పడకగదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ముందుగదిలో పరదాలు మూసే ఉన్నాయి. బయట ఎండ మండిపోతోంది, లోపల మసక. లైటు వేశాను. గోడవారగా సోఫా, దాని ఎదురుగా అద్దాల బీరువా, కిటికీ పక్క మూలలో ప్లగ్గు పాయింటు. అక్క ఎప్పుడూ అక్కడే ఫోన్ చార్జింగుకి పెట్టి కార్పెట్ మీద వదిలేసేది. గది మధ్యలో మరక.

ఒక్కటే.

పళ్ళెమంత ఉంది. ఇటుక రంగు. అంచుల దగ్గర పీచు ముద్దలుముద్దలుగా లేచిపోయింది. సోడా పడింది, రుద్దారు. చాలాసేపు, గట్టిగా రుద్దారు. నేను చెప్పినట్టే.

సంచీ కింద పెట్టి అక్కడే కూలబడ్డాను. ఏడవలేదు. ఏడుపు రావడానికి కూడా ఏదో కాస్త మంచితనం ఉండాలేమో. రెండో మరక ఇంకెక్కడైనా ఉందేమో, క్లీనింగ్ వాళ్ళు తీసేశారేమో అని ఇంకా ఆశ చావలేదు. మా పనిలో ముందు వెతకడం, తర్వాత తీయడం. కంటికి కనిపించేది తీసి ఊరుకుంటే మిగతావి తర్వాత పైకొస్తాయి. గోధుమరంగు కార్పెట్ మీద పసుపు జాడ పలచగా ఉంటే ఎవరికీ కనిపించదు. సబ్బునీళ్ళు పడితే కనిపిస్తుంది.

వంటగదిలోకి వెళ్ళి కుళాయిలో గోరువెచ్చని నీళ్ళు పట్టుకున్నాను. పొయ్యి మీద దుమ్ము పేరుకుని ఉంది, బావ బయట తింటున్నాడని ఎవరో అన్నారు. రెండు చెంచాల గిన్నెల సబ్బు, చిటికెడు సోడా కలిపి స్ప్రే సీసాలో పోశాను. మరక దగ్గర మొదలుపెట్టి, గది మొత్తం మంచు కురిసినట్టు పలచగా కొట్టుకుంటూ గుమ్మం దాకా వెళ్ళాను. మెత్తటి బ్రష్షుతో పీచంతా ఒకే వైపుకి దువ్వాను. కిటికీ నుంచి గుమ్మం వైపుకి. పీచు ఒక వైపుకి పడుకుంటే రంగు తేడా తెలుస్తుంది. చేతులు కడుక్కుని వచ్చాను.

అప్పటికి తేలాయి.

ముందు ఒకటి. తర్వాత దాని పక్కన ఒకటి. ఫొటో కడిగినప్పుడు బొమ్మ తేలినట్టు, తడి పీచులోంచి నెమ్మదిగా ఎర్రటి అరచేతులు పైకొచ్చాయి. ఐదు వేళ్ళు, స్పష్టంగా. చిటికెన వేలు బయటికి వంగి ఉంది. చిన్నప్పుడు అక్క చెయ్యి తలుపు సందులో పడి ఆ వేలు అలా అయిపోయింది. తలుపు వేసింది నేనే. మరక దగ్గరినుంచి మొదలై, మూరెడు దూరానికి ఒకటి చొప్పున, ప్లగ్గు పాయింటు దాకా వెళ్ళాయి ఆ చేతులు. వాటి మధ్యలో వెడల్పాటి చార. మనిషి నడుము ఈడ్చుకుంటూ వెళ్ళిన చార. ప్లగ్గు దగ్గర ఒకదాని మీద ఒకటి ఎన్నో వేళ్ళు. ఫోన్ అందుకోవడానికి ఎన్నిసార్లు ప్రయత్నించిందో.

అక్కడినుంచి వంటగది వైపు. వంటగది నుంచి మళ్ళీ మరక దగ్గరికి. వచ్చేటప్పుడు చేతుల పక్కన తెల్లని పొడి చారలు పీచు అడుగున ఇంకా ఉన్నాయి. సోడా తెచ్చుకుంది. పాకుతూ వెళ్ళి, నేను చెప్పిన సోడా తెచ్చుకుని, నేను చెప్పినట్టు రుద్దింది.

నోట్లో గుడ్డ కుక్కుకున్నాను. లోపల పడుకున్నవాడికి వినిపించకూడదని.

అప్పుడు గుమ్మం వైపు చూశాను. అక్కడ చేతులు కాదు. పాదాలు. మేజోళ్ళు వేసుకున్న మగ పాదాలు. గుమ్మం నుంచి వచ్చేటప్పుడు ఏ జాడా లేదు, కాళ్ళకి అప్పటికి ఏమీ అంటలేదు కాబట్టి. మరక అంచున మాత్రం రెండు పాదాలు పక్కపక్కన, వేళ్ళు ఆవిడ పడి ఉన్న వైపుకి. ఆ రెండూ మిగతావాటికంటే ముదురుగా ఉన్నాయి. ఒకేచోట చాలాసేపు నిలబడితేనే బరువుకి అలా దిగుతుంది. అక్కడినుంచి వెనక్కి, గుమ్మం దాకా, ఒక్కో అడుగుకీ పలచబడుతూ.

మరక పక్కనున్న కుడిపాదం మీద ఒక అరచెయ్యి ఉంది. పాదం కింద, చెయ్యి పైన. ఏది ముందు పడిందో, ఏది తర్వాత పడిందో చెప్పడమే నా బతుకుతెరువు. ఆయన నిలబడి, వెళ్ళిపోయాక, ఆవిడ ఆ చోటు మీదుగా పాకింది.

ఫోన్లో ఆయన అన్న మాట అప్పుడు తట్టింది. మొదట పచ్చగా ఉండేది, అన్నాడు. అక్క సోడా చల్లింది నాతో మాట్లాడిన తర్వాత. చల్లిన క్షణం నుంచి అది ఎరుపే. ఏడింటికి వచ్చినవాడు పచ్చగా ఎలా చూస్తాడు?

పడకగది తలుపు తెరుచుకుంది. బావ గుమ్మంలో నిలబడ్డాడు. తడి కార్పెట్ మీద అడుగు పెట్టడు కదా, అక్కడే ఆగి, కళ్ళద్దాలు సవరించుకుని, గదంతా చూశాడు. చేతుల్ని చూశాడు. పాదాల్ని చూశాడు. మొహంలో చిన్న మార్పు కూడా లేదు.

"బావా, ఆ రోజు మధ్యాహ్నం ఇంటికొచ్చారా?"

"షోకేసు తాళాలు మర్చిపోయాను. వచ్చాను."

"అప్పటికి అక్క..."

"కింద కూర్చుని ఉంది. పడుకున్నట్టు కూర్చుంది. కళ్ళు తిరిగాయంది. కూర అంతా కార్పెట్ మీద. నేనేమీ అనలేదు. నేను రాత్రికి తిరిగి వచ్చేలోపు ఇది పోవాలన్నాను, అంతే." కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "చచ్చిపోతోందని నాకేమైనా తెలుసా?"

డాక్టరుకి చెప్పారా, ఎవరికైనా చెప్పారా అని అడగబోయాను. ఆయనే నెమ్మదిగా, షాపులో అద్దాల పవరు చెప్పినంత మామూలుగా అన్నాడు. "ఆవిడ ఫోన్ నేను చూశాను. రెండూ ఇరవైకి నీకు చేసింది. మూడు నిమిషాలు మాట్లాడారు. నిన్నేమైనా అడిగానా నేను?"

ఆయన ఇంకోసారి గది మొత్తం కలియజూసి, చీకటి పడేలోపు అయిపోతే బాగుంటుంది, ఈ తడివాసన నాకు పడదు అని లోపలికి వెళ్ళిపోయాడు. తలుపు గడియ పడింది.

ఇప్పుడు చెప్పబోయేదానికి నన్ను నేను క్షమించుకోలేదు. ఆ గదిని ఫొటో తీసుకోవచ్చు. ఎవరినైనా పిలిచి చూపించవచ్చు. నేను వెనిగర్ సీసా మూత తీశాను. వెనిగర్ పడితే ఎరుపు పచ్చబడుతుంది, ఆ పచ్చ గోధుమరంగులో కలిసిపోతుంది, తర్వాత పరదా తీసి రెండు రోజులు ఎండ తగలనిస్తే ఇక ఏదీ ఉండదు. ఆయన పాదాలూ ఉండవు. నా మూడు నిమిషాలూ ఉండవు. పిరికిదాన్ని. అక్క బతికుండగా ఐదు నిమిషాలు లేకపోయిన నాకు, ఆవిడ చేతులు చెరపడానికి సాయంత్రమంతా ఉంది.

ప్లగ్గు దగ్గర మొదలుపెట్టాను. గుడ్డ తడపడం, అద్దడం, ఎత్తడం. ఒక చెయ్యి మాయమైంది. రెండోది. మూడోది. అలా వంగి వంగి మరక వైపుకి జరుగుతున్నాను.

ముందు వాసన వచ్చింది. వేడి నూనెలో పసుపు పడినప్పటి వాసన. కమ్మగా కాదు, అడుగంటినట్టు. పక్కింట్లో వండుకుంటున్నారు అనుకున్నాను. కిటికీలన్నీ మూసే ఉన్నాయి. లేచి వంటగదిలోకి వెళ్ళి చూశాను. పొయ్యి మీద దుమ్ము అలాగే ఉంది. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది.

తిరిగి వచ్చి మోకాళ్ళ మీద కూర్చున్నాను. ఎక్కడో తేడా అనిపించింది. పీచంతా గుమ్మం వైపుకి దువ్వి పెట్టాను కదా. ఇప్పుడు ప్లగ్గు నుంచి నా దాకా, నేను చెరిపిన దారి వెంబడి, పీచు ఎదురు తిరిగి లేచి ఉంది. మనిషి నడుమంత వెడల్పున.

నేను కూర్చున్నప్పుడు నలిగి ఉంటుంది అనుకున్నాను. బ్రష్షు తీసుకుని మళ్ళీ దువ్వాను. బ్రష్షు పక్కన పెట్టాను. గుడ్డ తడుపుకుందామని సంచీ వైపు తిరిగాను.

గర్... గర్...

గోళ్ళు. పీచు మీద గోళ్ళు.

తిరిగి చూశాను. ఎవరూ లేరు. దువ్విన పీచు మళ్ళీ లేచి ఉంది. ఇందాకటికంటే జానెడు దగ్గరగా.

"బావా" అని పిలిచాను. పడకగది తలుపు కదల్లేదు. తెరుచుకున్నా ఏం లాభం?

త్వరగా ముగించుకుని పోదామనుకున్నాను. తెల్లగుడ్డ నాలుగు మడతలు వేసి, వెనిగర్‌లో ముంచి, పెద్ద మరక మీద పరిచాను. రెండు అరచేతులూ ఆనించి, ఒంటిబరువంతా వేసి నొక్కాను. ఇరవై అంకెలు లెక్కపెట్టాలి. అది మా పద్ధతి. మరక గుడ్డకి అంటుకుని పైకొస్తుంది.

ఒకటి. రెండు. మూడు.

ఏడు దగ్గర, గుడ్డ కిందనుంచి ఎవరో నొక్కారు.

మెత్తగా. నా అరచేతులకి సరిగ్గా ఎదురుగా. నా వేళ్ళకి ఎదురుగా వేళ్ళు. గుడ్డ మధ్యలో లేకపోతే పట్టుకునేవే. వేడిగా ఉన్నాయి. జ్వరమొచ్చిన మనిషి చేతుల్లా.

చేతులు లాక్కోవాలి. రావట్లేదు.

"చిట్టీ..."

చెవిలో కాదు. కిందనుంచి. కార్పెట్ లోపల్నుంచి, మాటకీ మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుంటూ...

"ఇంకా... పోలేదే... మీ బావ... వచ్చేస్తారు..."

ఎలా లేచానో తెలియదు. గుడ్డ నా అరచేతులకి అతుక్కుని పైకొచ్చింది. విదిలించాను, తిరగబడి పడింది. అడుగువైపున రెండు చేతుల అచ్చులు, ఎర్రగా. వెనిగర్‌లో ముంచిన గుడ్డ మీద పసుపు ఎర్రగా ఉండదు. ఉండకూడదు. చిటికెన వేలు బయటికి వంగి ఉంది.

నేను చెరిపిన చోటల్లా చేతులు మళ్ళీ పైకొస్తున్నాయి. ప్లగ్గు దగ్గర ఒకటి. దాని ముందు ఒకటి. ఈసారి మరక వైపుకి కాదు. నా వైపుకి. నేను పక్కకి జరిగితే అవీ జరిగాయి. పీచు పడుకుంటోంది, లేస్తోంది... పడుకుంటోంది... లేస్తోంది.

"అక్కా, నేను రావాల్సింది. రాలేదే. తప్పయిపోయింది" అన్నాను. గట్టిగా అన్నాననుకున్నాను, నాకే వినిపించలేదు. చేతులు ఆగలేదు. ఆవిడకి నా తప్పుతో పనిలేదు. ఆవిడకి మరక పోవాలి.

సంచీ, సీసాలు, బ్రష్షులు అన్నీ అక్కడే వదిలేసి తలుపు తీసుకుని పరుగెత్తాను. చెప్పులు కూడా వేసుకోలేదు. మూడు అంతస్తులు దిగి, రోడ్డు మీదకొచ్చి, కనిపించిన బస్సెక్కి కూర్చున్నాను. అది ఎటు వెళ్ళేదో చూడలేదు. బస్సు నిండా జనం. ఒకావిడ పక్కకి జరిగి చోటిచ్చింది. చెప్పుల్లేని నా కాళ్ళకేసి ఒకసారి చూసింది. కిటికీ బయట ఎండ తగ్గి, దుకాణాల్లో దీపాలు వెలుగుతున్నాయి. అలాంటి మామూలు సాయంత్రాన్ని చూసి నాకు అసూయ కలిగింది.

ఫోన్ మోగింది. బావ.

తలుపు బార్లా తీసి వచ్చినందుకు విసుక్కుంటాడనుకున్నాను. "ఇంకా ఎంతసేపమ్మా?" అన్నాడు. పడుకుని లేచిన గొంతు. "అద్దాలి అంటావుగా ఎప్పుడూ. అంత గట్టిగా రుద్దుతావేంటి? పీచు లేచిపోతుంది. లోపలికి వినిపిస్తోంది."

నాకూ వినిపిస్తోంది. ఆయన మాటల వెనకనుంచి. గర్... గర్... నిదానంగా, ఆగి ఆగి.

నేను బస్సులో ఉన్నాను బావా, ఆ గదిలోకి వెళ్ళకండి, బయటికొచ్చెయ్యండి. ఇంతే చెప్పాలి. నాలుగు మాటలు. నోటి దాకా వచ్చాయి. ఆ పాదాలు కళ్ళముందు మెదిలాయి, పక్కపక్కన, ముదురుగా. ఎంతసేపు నిలబడి చూశాడో.

"అయిపోవచ్చింది బావా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ఒకసారి లోపలికొచ్చి చూడండి."

గడియ తీసిన చప్పుడు. అడుగులు. ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నడుస్తున్నాడు. "లైటు ఆర్పేశావేంటి, చీకట్లో ఏం కనిపిస్తుంది..." అంటున్నాడు. స్విచ్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. రుద్దుతున్న చప్పుడు ఆగింది.

అరవలేదు. చాలాసేపు ఊపిరి మాత్రమే వినిపించింది. తర్వాత మోకాళ్ళు రెండూ నేలకి తగిలిన చప్పుడు, ఒకదాని తర్వాత ఒకటి. ఫోన్ కిందపడింది. కట్ అవలేదు.

మళ్ళీ మొదలైంది. గర్... గర్... ముందు ఒక్కరే. కాసేపటికి ఇద్దరు. ఒకటి నిదానంగా, ఇంకొకటి తొందరతొందరగా, మధ్యలో వెక్కిళ్ళతో. నాకు జాలి కలగలేదు. కలగాలని చూశాను, కలగలేదు. ఫోన్ పెట్టెయ్యలేదు. ఒక స్టాపు వచ్చింది, ఇంకో స్టాపు వచ్చింది, పక్కనున్నావిడ దిగిపోయింది, నేను వింటూనే ఉన్నాను.

ఆఖరి స్టాపులో డ్రైవరు ఇంజను ఆపేశాడు. బస్సంతా నిశ్శబ్దమైంది. అప్పుడు సరిగ్గా వినిపించింది. రుద్దుతున్నది ఇద్దరు కాదు. ముగ్గురు. మూడోది ఇప్పుడే వచ్చి కూర్చున్నట్టు పని తెలిసిన చేత్తో కుదురుగా రుద్దుతోంది.

దిగమ్మా, బస్సు ఇక్కడిదాకే అన్నాడు డ్రైవరు. లేవబోయాను. ఎప్పుడో ఆరిపోయిన మోకాళ్ళు రెండూ మళ్ళీ తడిగా ఉన్నాయి.